కాజూ బర్ఫీ తిన్న కోచ్‌గారు

మొన్న ఆదివారం శాన్ రామన్ నుంచి స్నేహితురాలొకావిడ ఫోన్ చేసి, "అక్కా, మావాణ్ణి కాలేజీ టీమ్‌లోకి తీసుకోడానికి వాడి కోచ్ ఒక్క మాట చెప్పాలట. అడిగితే చూద్దాం, చూద్దాం అంటున్నాడు. ఏం చెయ్యమంటావ్?" అంది. స్టవ్ మీద పప్పుచారు పొంగిపోతున్నా నేను కదల్లేదు. కోచ్‌ల నోట ఆ 'చూద్దాం' వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అమ్మాయి ఇక్కడ మా ఊరు నేపర్‌విల్‌లో హైస్కూల్‌కి వాలీబాల్ ఆడేది. మనిషి పొట్టి కాబట్టి నెట్ దగ్గర ఎగిరి కొట్టే పని దానిది కాదు. వెనకాల ఉండి, అవతలివాళ్లు కొట్టిన బంతి నేలకి తగలకుండా లేపాలి. కాలేజీలో కూడా ఆడాలని దాని ప్రాణం. అందుకు కాలేజీ కోచ్‌లు దాని ఆట వీడియో చూడాలి, హైస్కూల్ కోచ్‌ని నాలుగు మాటలు అడగాలి. మ్యాచ్ వీడియోలన్నీ ఉండేది ఆయన దగ్గరే. అడిగితే 'చూద్దాం' అంటాడు. కాలేజీవాళ్లు ఫోన్ చేస్తే ఎత్తడు. ఒకరోజు దాని మొహం మీదే, "నీ ఎత్తుకి కాలేజీ ఆట ఎందుకు? మీవాళ్లు చదువులో గట్టివాళ్లు కదా, చదువుకో" అన్నాడట. కారెక్కగానే పిల్ల ఆ మాట నాకు చెప్పి, మోకాలి ప్యాడ్లు వెనకసీట్లోకి విసిరేసింది.

మావారి ధోరణి వేరు. ఆయన లెక్కలో కోచ్ అంటే గురువు. గురువుని తొందరపెట్టకూడదు, ప్రసన్నం చేసుకోవాలి. "టైమొచ్చినప్పుడు ఆయనే చేస్తారే" అంటూ, నేను వద్దన్నా వినకుండా దీపావళికి కాజూ బర్ఫీ పెట్టె పట్టుకెళ్లి జిమ్‌లో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ కోచ్ ఇందులో గ్లూటెన్, అదే గోధుమపిండి గట్రా, ఉందా అని అడిగి, లేదనగానే అక్కడే రెండు ముక్కలు నోట్లో వేసుకున్నాడు. బర్ఫీ అరిగింది గానీ వీడియో రాలేదు. నేను మెయిల్ పెడతానంటే అమ్మాయి, "అమ్మా, ప్లీజ్, నువ్వు రాయొద్దు. హీ విల్ బెంచ్ మీ, ఆడనివ్వకుండా పక్కన కూర్చోబెడతాడు" అని అడ్డుపడేది. ఒకరిది భక్తి, ఒకరిది భయం, మధ్యలో నాకు బీపీ.

అప్పుడు మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. ప్రతి మ్యాచ్‌కీ శాలువా కప్పుకుని వచ్చి, పాప్‌కార్న్ వాసనకి ముక్కు చిట్లించుకుంటూ, మనవరాలి ఆట ఫోన్లో తీసి చెల్లెళ్లకి వాట్సాప్‌లో పంపేవారు. ఆవిడకి బంతి ఎటుపోయిందో, ఎవరు గెలిచారో పట్టదు. పిల్ల ఎటు కదిలితే ఫోన్ అటు. మధ్యమధ్యలో "మోకాలు జాగర్త తల్లీ!" అని ఆవిడ గొంతు. గతిలేక అమ్మాయి ఆ వీడియోలే కాలేజీలకి పంపింది. చాలామంది పలకలేదు. ఒహాయోలో ఒక చిన్న కాలేజీ కోచమ్మ మాత్రం ఫోన్ చేసింది. "అందరి వీడియోల్లో బంతే కనిపిస్తుంది. బంతి రాకముందే నువ్వెక్కడికి చేరుతున్నావో ఇందులో చూశాను. మా టీమ్‌కి వస్తావా?" అందట. పిల్ల నానమ్మని వాటేసుకుని భోరుమంది. ఆవిడ కంగారుగా "ఎక్కడ తగిలిందే?" అంటూ దాని మోకాళ్లు తడిమారు.

తర్వాత కాలేజీ టీముల్లో చోటు దొరికిన పిల్లలకి స్కూల్లో చిన్న వేడుక చేశారు. కోచ్‌గారు మా అమ్మాయి భుజం మీద చెయ్యేసి, "నాకు మొదట్నుంచీ తెలుసు" అంటూ ఫొటో దిగాడు. మావారు నావైపు తిరిగి "చూశావా, నేను చెప్పలా?" అన్నారు. ఏమనాలి ఈ మనుషుల్ని!

అమ్మాయి కాలేజీలో ఉన్నన్నాళ్లూ ఆడింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. ఆ కోచ్ మాటెత్తితే, "ఓ, హిమ్? లెట్ ఇట్ గో అమ్మా" అని నవ్వేస్తుంది. కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు. దెబ్బ తిన్నవాళ్లకి అది నిజమే కాబోలు. పక్కన కూర్చుని చూసిన తల్లికి మాత్రం ఎన్నేళ్లయినా నిన్నటి మాటే.