సుబేదారు బంగ్లాలో పులితోలు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పాత బంగ్లాల ముచ్చట ఎవరికి కావాలి... కానీ పొద్దున మనవరాలు ఫ్యాను వేసింది, ఖాసిం చిచ్చా గుర్తొచ్చాడు.

మా చిన్నప్పుడు... కోస్గిలో పొద్దుగూకితే పిల్లలమంతా ఆయన అరుగు మీదే. నిజాం కాలంలో పాలమూరులోని సుబేదారు బంగ్లాలో పంకా గుంజినవాడు చిచ్చా. సుబేదారంటే కొన్ని జిల్లాలకు కలిపి పెద్ద అధికారి. పంకా అంటే దూలానికి వేలాడే పెద్ద బట్ట. తాడు చేత్తో గుంజాలి, చెయ్యి నొస్తే కాలికి కట్టుకోవాలి.

"లోపట ఏముండె చిచ్చా?" అంటే చాలు...

"ఏం లేకుండె అని అడుగు! నిలువుటద్దాలు, గాజుదీపాల గుత్తులు, నడిమిట్ల పులితోలు. దాని కండ్లు మనల్నే చూస్తుండె!"

చెప్పినంతసేపూ కుడికాలు ఊపుతూనే ఉండేవాడు. పక్కింట్లోంచి మా అవ్వ కేకేసేది. "కాలూపకురా ఖాసిమూ, ఇంట్లకు దరిద్రమొస్తది!"

"వచ్చి చూసిపోయిందవ్వా, ఉండనీకె జాగ లేదన్నది!"

మా అవ్వ సంగతి ఎత్తితే జొన్నరొట్టెల దాకా పోతాను... వద్దు.

తెలంగాణ వచ్చాక అందులోని ఆఫీసులు కొత్త భవనాలకు మారాయి, బంగ్లా ఖాళీ అయింది. తొంభై దాటిన చిచ్చా పట్టుబట్టాడు. "ఒక్కపారి తోల్కపో బేటా. కండ్లున్నప్పుడే చూడాలె."

"నువ్వు చూడందా చిచ్చా?" అన్నాను. చేతికర్ర అందుకుని నాకంటే ముందే పాలమూరు బస్సెక్కాడు.

కాపలాదారు తాళం తీశాడు. మూరెడు మందం రాతిగోడలు, డంగుసున్నం, అందనంత ఎత్తున గవాక్షాలు... కింద ఒట్టి నాపరాళ్లు. గోడకు పిడికిలంత తూటు. తాడు ఒరుసుకుని దాని అంచు నున్నగా అరిగిపోయింది.

"పంకా తాడు గీండ్లకెళ్లి బయటికి పోతుండెనంట," అన్నాడు కాపలాదారు. "గుంజెటోళ్లు వరండాలనే. లోపటికి రానియ్యకపోయేటోళ్లంట."

చిచ్చా గదంతా కలయజూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"అన్నీ ఎత్కపోయిన్రు బేటా," అన్నాడు మెల్లగా.

నేను గది మధ్యకు పోయి నిలబడ్డాను. "పులితోలు గీడనే గద చిచ్చా?"

చిచ్చా చేతికర్ర ఎత్తి చూపాడు. "జర గిటు జరుగు... ఆఁ, గాడ. తలకాయ దర్వాజ దిక్కు."

ఇప్పుడు మీట నొక్కితే గాలి... గోడ అవతల ఎవరూ ఉండరు. మీ ఊళ్లోనూ ఇలాంటి బంగ్లా ఉండే ఉంటుంది. దాని లోపల ఏముందో మీకు చెప్పిందెవరో రాయండి, చదువుతాను.

ఆ రోజు బస్సుకు ఇంకా సమయముంది. చిచ్చా వరండాలో ఆ తూటు కింద గోడకొరిగి కూర్చున్నాడు. కుడికాలు ఊగుతోంది. కోస్గి బస్సు వచ్చింది, ఎక్కాం.