చావనని మొండికేసిన నారింజ పొడి

అరక్సీ తవిత్యాన్ ప్రయోగశాలలోకి వస్తూనే, కోటైనా విప్పకుండా, నిన్నటి గాజు సీసాల్ని ఒక్కొక్కటిగా కిటికీ వెలుగులోకి ఎత్తి చూస్తుంది. నారింజ రంగు ఉంటే లోపలిది బతికున్నట్టు. వెలిసిపోయి నీళ్లలా కనిపిస్తే పోయినట్టు. ఉత్తరపు గాలి కొట్టి ఆకాశం తేటపడిన రోజున ఆ రంగు మరీ బాగా తెలుస్తుంది. కాఫీ ఆ తర్వాతే.

ఆ సీసాల్లో ఉండేవి ఆమె కట్టే అణువులు. మామూలు అణువులో ఎలక్ట్రాన్లు జంటలుగా ఉంటాయి. ఆమె కట్టేవాటిలో మాత్రం రెండు కొసల్లోనూ ఒక్కో ఎలక్ట్రాన్ ఒంటరిగా ఉంటుంది. పదార్థాన్ని పెద్ద అయస్కాంతంలో పెట్టి దాని లోపలి అమరిక చూసేవాళ్లకు ఎప్పుడూ ఒకటే బాధ, వచ్చే సంకేతం వినిపించీ వినిపించనంత సన్నం. ఈ అణువుల్ని చిటికెడు కలిపి, గడ్డకట్టించి, మైక్రోవేవ్ తరంగాలు తగిలిస్తే ఒంటరి ఎలక్ట్రాన్ల బలం చుట్టుపక్కలకు పాకుతుంది. సంకేతం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అయితే రెండు కొసలూ మరీ దగ్గరైతే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి, మరీ దూరమైతే కలిసి పనిచేయవు.

"మా అత్తగారూ మేమూ ఉన్నట్టన్నమాట. ఒకే బిల్డింగు, వేరే అంతస్తు" అంది జోహ్రా ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు. పై అంతస్తులో ఈస్టు కణాలమీద పనిచేసే జోహ్రా, అరక్సీకి ఇరవయ్యేళ్ల స్నేహితురాలు.

అరక్సీ తండ్రి మార్సెయ్ నగరంలోని బోమోన్ పేటలో బూట్లు కుట్టేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని, ఏ తోలుముక్క ఎటు తిప్పితే దేనికి అతుకుతుందో చూడడమే ఆమె ఆట. ఫార్మసీ చదవాలనుకుంది, ప్రవేశ పరీక్షలో తప్పింది, రసాయనశాస్త్రంలో చేరింది. ఈ ప్రయోగశాలలో ఇంజనీరుగా కుదిరింది, మార్సెయ్ దాటి ఎక్కడా ఉద్యోగం చేయలేదు.

ఒంటరి ఎలక్ట్రాన్ల చుట్టూ లావుపాటి కొమ్మలు కడితే ఆ బలం ఎక్కువసేపు నిలుస్తుందని ఆమెకు గట్టిగా అనిపించింది. "ఇంత లావుదాన్ని ఎలా కరిగిస్తావు? నీళ్లలో నూనెబొట్టులా తేలుతుంది" అన్నాడు ప్రయోగశాల పెద్ద ప్రొఫెసర్ గస్తాల్ది. ఆమె దానికి నీళ్లంటే ఇష్టపడే తోకలు తగిలించింది. మూడేళ్లు పట్టింది. అణువు కరిగింది.

అక్కడే చిక్కొచ్చింది. ఆ ప్రయోగశాలలో ఒక నియమం ఉంది. అమరిక రుజువు చేసే ఫొటో, అంటే అయస్కాంత యంత్రం గీసిచ్చే గీతల పటం, లేనిదే ఏ అణువూ గడప దాటకూడదు. కానీ ఒంటరి ఎలక్ట్రాన్ తన ఫొటోను తానే చెడగొడుతుంది. అందుకని చిటికెడు పొడిని విటమిన్ సి వేసి చంపుతారు. రంగు వెలిసిపోయాక ఫొటో తీస్తారు. మిగతా అణువులన్నీ కాఫీ చల్లారేలోపు తెల్లబడేవి. అరక్సీ అణువు మాత్రం కదల్లేదు. ఇంకాస్త విటమిన్ వేసింది. అయినా నారింజే.

"నువ్వు గీసిందే తయారైందని నేనెలా నమ్మాలి?" అన్నాడు గస్తాల్ది.

"రంగు చూడండి మరి."

"బత్తాయి రసానికీ రంగుంటుందమ్మా. వేసవి సెలవుల్లోపు ఫొటో రాకపోతే దీన్ని పక్కన పెట్టేద్దాం. లియోన్‌లోని పెద్ద అయస్కాంత యంత్రం మీద మన వంతు లూకాకి ఇస్తాను, వాడి అణువు సిద్ధంగా ఉంది."

అదే ప్రయోగశాలలో అణువులు కట్టే లూకా మంచి కుర్రాడే. అదే ఆమెకు ఇంకా కష్టంగా ఉంది, తిట్టుకోవడానిక్కూడా ఎవరూ దొరకలేదు.

మధ్యాహ్నం క్యాంటీన్లో వేయించిన సెనగపిండి ముక్కలు ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది.

"ఎవరు పోయారే?" అంది జోహ్రా.

"ఎవరూ పోలేదు. అదే ఏడుపు. విటమిన్ పోసీ పోసీ చేతులు పడిపోతున్నాయి, చావదే అది!"

"నీకు చావట్లేదని బాధ, నాకు బతకట్లేదని. మీవాళ్లిచ్చిన అణువు ఈస్టులో వేస్తే, గడ్డకట్టించేలోపే కణాలు దాన్ని తినేస్తున్నాయి. సంకేతమూ లేదు, సంబడమూ లేదు." జోహ్రా ఫోర్కు గాల్లోనే ఆగింది. "ఏమన్నావు? చావట్లేదా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ప్లేటు వదిలెయ్, లే" అంది అరక్సీ.

విటమిన్‌ను దగ్గరికి రానివ్వని ఆ లావుకొమ్మలే కణాల్నీ అడ్డుకోవాలి కదా. రెండు గొట్టాల్లో ఈస్టు పోసి, ఒకదాంట్లో లూకా అణువు, రెండోదాంట్లో అరక్సీది వేశారు. మొదటిది చూస్తుండగానే పాలిపోయింది. రెండోది సాయంత్రందాకా నారింజగానే ఉంది.

గస్తాల్ది గొట్టాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఆయన కళ్లు మెరిశాయి, మాట మాత్రం మారలేదు. "బాగుంది. ఫొటో ఏది?"

ఇక మిగిలింది ఓపిక పట్టడమే. శుక్రవారం అరక్సీ చిటికెడు పొడిని విటమిన్‌లో వేసి, గోరువెచ్చగా ఉంచి వెళ్లింది. అంతసేపు నానితే అణువే విరిగిపోవచ్చు. అప్పుడు ఫొటోలో వచ్చేవి ముక్కలే. శని ఆదివారాలు చెల్లెలింట్లో ఎవరేం మాట్లాడారో ఆమెకు గుర్తులేదు. సోమవారం చూస్తే ద్రవం నీళ్లలా ఉంది. ఫొటో తీసింది. గీతలన్నీ ఆమె కాగితం మీద వేసుకున్న చోటే లేచాయి, ఒక్క ముక్కా విడిపోలేదు.

లియోన్ వంతును లూకాతో పంచుకుంది. ఉత్త నీళ్లలో లూకా అణువే ఎక్కువ బలమిచ్చింది, ఆమె దాన్ని ఒప్పుకుంది. ఈస్టు లోపల మాత్రం లూకాది మూగబోయింది, ఆమెది పలికింది. "మా కణాలకి నోరొచ్చింది!" అని జోహ్రా యంత్రం ముందే గెంతింది.

అరక్సీకి ఇప్పుడు యాభై ఏడు. అదే గదిలో అదే ఇంజనీరు ఉద్యోగం చేస్తోంది. కణాల లోపల చూసే ప్రయోగశాలలు అడిగినప్పుడల్లా ఆ పొడిని కొత్తగా తయారుచేసి, చిన్న సీసాల్లో నింపి పోస్టులో పంపుతుంది.