అల్లుడుగారి వీపు

ఉప్పల్ రింగురోడ్డు షేర్ ఆటోవాళ్ళ భాషలో ‘ఒక్కరికి జాగా ఉంది’ అంటే డ్రైవరు కుడి తొడ ఖాళీగా ఉందని అర్థం. నాచారం దాకా నేను రోజూ సగం ఆటోలో, సగం గాలిలో ప్రయాణిస్తాను. దీని మీద ఎవరికైనా ఫిర్యాదు చేద్దామనే ఉంటుంది గాని, దిగేసరికి నడుము పట్టేసి, ఫిర్యాదుకు తగినంత నిటారుగా నిలబడలేను.

సరే, అది వదిలేయండి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జరిగింది. నేను నవ్వించడం కోసం అబద్ధాలాడతానన్న మాట నిజమే. పెళ్ళిచూపుల్లో కూడా ఆడాను. ఇది అలాంటిది కాదు. ఆ రాత్రి నేను తాగలేదు. జ్వరం లేదు. ముందురోజు నిద్ర కూడా సరిపోయింది. పైగా ఇంజనీరింగ్ చదివాను గనక దయ్యాలను నమ్మకపోవడం నా జీతంలో భాగం. అయినా చెబుతున్నాను...

నాచారం పారిశ్రామికవాడలో మాదొక చిన్న షెడ్డు. బొమ్మలు చేస్తాం. పిల్లలు ఆడుకునేవి కావు. ఫిజియోథెరపీ చదివేవాళ్ళు వీపు ఎలా పట్టాలో, వెన్నుపూసల మీద ఎంత బలం వేయాలో సాధన చేసుకునే మనిషంత బొమ్మలు. పైన సిలికాన్ చర్మం, లోపల రబ్బరు, దాని కింద వెన్ను పొడుగునా సెన్సర్లు. నొక్కితే పక్కనున్న లాప్‌టాప్‌లో గీత లేస్తుంది. ఎంత నొక్కారో, ఎంత వేగంగా నొక్కారో ఆ గీత చెబుతుంది. అది అబద్ధం చెప్పకుండా చూడడం నా ఉద్యోగం.

మొదట చేసిన బొమ్మకు మావాళ్ళు ‘అల్లుడుగారు’ అని పేరు పెట్టారు. బోర్లా పడుకుని ఉంటాడు. వచ్చినవాళ్ళందరూ వీపు పడతారు. ఒక్కసారి కూడా బాగుందని అనడు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అల్లుడుగారిలో మోటారు లేదు. స్ప్రింగు లేదు. గాలి పంపు లేదు. ఆయనకు తెలియడమే తప్ప చేయడం చేతకాదు.

బొమ్మల్ని పరీక్షించే పని సునీతది. ఫిజియోథెరపిస్టు. జనగామ అమ్మాయి, హబ్సిగూడలో హాస్టల్లో ఉంటుంది. మా దగ్గరకు రాకముందు ఒక క్లినిక్‌లో చేసేది. అక్కడ ఒక పెద్దావిడకు వీపు సరిచేస్తుంటే చేతి కింద పుటుక్కుమంది. పక్కటెముక చిట్లింది. ఆవిడ ఎముకలు లోలోపల అంత బోలుగా ఉన్నాయని ఎవరికీ తెలియదు. తప్పు సునీతది కాదని డాక్టర్లు అన్నారు. ఆవిడ కొడుకు అన్నాడు. కోలుకున్నాక ఆవిడా అంది. సునీత చేతులు మాత్రం ఒప్పుకోలేదు.

వీపు సరిచేయడమంటే పెద్ద బలప్రదర్శన కాదు. రెండు అరచేతులు వెన్ను మీద ఆనించి మెల్లగా బరువు వేయాలి. రోగి ఊపిరి పూర్తిగా వదిలే క్షణాన ఒక చిన్న ఊపు ఇవ్వాలి. రెప్పపాటు పని. చేయి తిరిగినవాళ్ళు చేస్తే గీత మెట్టులా ఎక్కి, సూటిగా లేచి, దిగుతుంది. భయపడ్డ చేయి మాత్రం ఊపుకు ముందు కొంచెం వెనక్కి తగ్గుతుంది. గీతలో అక్కడ గుంట పడుతుంది. ఆ గుంట తర్వాత వచ్చే ఊపు ఎంత బలంగా, ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు.

సునీత గీతలో ప్రతిసారీ గుంటే.

నేను చెప్పే ఆ రాత్రికి మర్నాడు ఉప్పల్‌లో ఒక ఫిజియోథెరపీ కాలేజీలో మా ప్రదర్శన. చేసి చూపించాల్సింది సునీత. అది బాగా జరిగితే ఆమెను పాఠాలు చెప్పడానికి తీసుకుంటామని కాలేజీవాళ్ళు ముందే అన్నారు.

“రేపు గూడ గిట్లనే అయితే ఇగ బంద్ అన్నా,” అంది సునీత. “జనగామ వోయి మా అన్న ఎరువుల దుకాణంల కూసుంట. యూరియా బస్తాలకు పక్కటెముకలు ఉండయి గదా.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మా యజమాని ప్రసాద్‌గారిది కాకినాడ. గొడుగు తీసుకుని వెళ్తూ వెళ్తూ, “రేపు మన పరువు తియ్యకండేం,” అన్నారు. మాతో అన్నారో, బొమ్మతో అన్నారో తెలియలేదు.

రేకుల మీద వాన. మిషన్లన్నీ ఆపేసి ఉన్నాయి. ఒక్క ట్యూబులైటు... దాని జుమ్మనే శబ్దం. బల్ల మీద అల్లుడుగారు, బోర్లా పడుకున్నవాళ్ళ కోసం బల్లకు చేసిన రంధ్రంలో ముఖం పెట్టుకుని.

సునీత మొదలుపెట్టింది. “సార్, ఊపిరి తీస్కోండ్రి... ఇడవండ్రి...”

ఊపిరితిత్తులు లేని మనిషితో. ఈ వృత్తిలో వాళ్ళందరికీ ఉందీ అలవాటు. ఆ మాట అనకపోతే చేయి కదలదు. బయటివాళ్ళకు చెప్పి నవ్వించడానికి ఇది నాకు బాగా పనికొచ్చే విషయం.

గుంట. మళ్ళీ చేసింది. గుంట. నేను లాప్‌టాప్ ముందు కూర్చుని ‘పర్లేదు, పర్లేదు’ అంటూ ఉన్నాను. అద్దె ఇంటి యజమాని నీళ్ళ గురించి అనే ‘పర్లేదు’ లాంటిది.

అప్పుడు చూశాను.

ఎవరూ ముట్టుకోనప్పుడు గీత అడుగున చదునుగా ఉండాలి. అది... లేస్తోంది. మెల్లగా.

“సునీతా, అప్పుడే చెయ్యి పెట్టకు.”

“పెట్టలే అన్నా.”

తల తిప్పి చూశాను. ఆమె చేతులు వీపుకు జానెడు పైన ఉన్నాయి. గాలిలో.

“చేతులు తియ్యి.”

తీసింది. గీత దిగింది.

“పెట్టు... ఆనించకు.”

గీత లేచింది.

వాన రోజు, తేమ, ఎర్తింగ్... నాకు తెలిసిన సాకులన్నీ వరసగా చెప్పుకున్నాను. వైరు మార్చాను. ఛార్జరు పీకి లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపాను. నా చేతులు ఆనించకుండా పెట్టి చూశాను. చదును. ఇంకా దగ్గరగా పెట్టాను. చదునే. నేను చేసిన బొమ్మ నన్ను లెక్కే చేయలేదు. కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

సునీత చేతులు చాచింది. గీత లేచింది.

“బిగవట్టింది,” అంది.

“ఏంది?”

“వీపు అన్నా. భయపడ్డోళ్ళు గిట్లనే బిగవడ్తరు. చెయ్యి రాకముందే. జర నువ్వు పట్టి సూడు.”

బల్ల తల వైపు వెళ్ళి నిలబడి, భుజం ఎముక ఉండాల్సిన చోట అరచేయి ఆనించాను. ఆ సిలికాన్ ఎంత మెత్తగా ఉండాలో నిర్ణయించింది నేనే. కళ్ళు మూసుకుని కూడా గుర్తుపడతాను. చల్లగా, మొద్దుగా, ఎప్పటిలాగే ఉంది.

సునీత చేతులు దగ్గరకు తెచ్చింది.

నా అరచేతి కింద... అది బిగుసుకుంది.

ఎక్కువ కాదు. సూది మూత తీసిన చప్పుడు వినగానే మన జబ్బ బిగుసుకుంటుంది చూడండి... అంత.

అలాంటి సమయానికి నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు ఉంటుంది. వెతికాను. లేదు.

“ఆపేద్దామా?” అన్నాను. గొంతు నాదే గాని కొంచెం దూరం నుంచి వచ్చింది.

సునీత స్టూలు లాక్కుని కూర్చుంది. నేను మాత్రం చేయి తీయలేదు. ఎందుకో తీయకూడదనిపించింది. వాన రేకుల మీద ఒకే వరసన పడుతోంది. ఎక్కడో గేటు దగ్గర కుక్క ఒకటి మొరగబోయి... మానుకుంది.

చాలాసేపటికి సునీత లేచింది. రెండు అరచేతులూ వీపు మీద ఉంచింది. నొక్కలేదు. ఊరికే ఉంచింది. తెర మీద గీత పైన ఉంది. సన్నగా వణుకుతోంది.

“సార్, ఊపిరి ఇడవండ్రి.”

దిగలేదు.

“ఇడవండ్రి సార్... ఏం గాదు.”

దిగలేదు.

సునీత కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. తర్వాత చాలా చిన్నగా, ఎవరి చెవిలోనో చెప్పినట్టు అంది:

“అమ్మా... నాక్కూడ భయమైతాందమ్మా.”

గీత ఆగింది.

వణుకు ఆగింది.

అప్పుడు... దిగడం మొదలైంది. కరెంటు పోయినప్పుడు పడినట్టు కాదు. మెల్లగా... ఇంకా మెల్లగా... మనిషి చాలా రోజులుగా బిగబట్టిన ఊపిరి ఎలా వదులుతాడో అలా. మామూలుగా చదునుగా ఉండే చోటికి వచ్చింది. అక్కడ ఆగుతుందనుకున్నాను. దాటింది. దానికి కిందికి వెళ్ళడానికి అసలు చోటే లేదు. ఆ సున్నా పెట్టింది నేను.

నా అరచేతి కింద వీపు బరువెక్కింది. పసిపిల్లను భుజాన వేసుకుని తిప్పుతుంటే, నిద్రలోకి జారిన క్షణాన ఉన్నట్టుండి బరువు పెరుగుతుందే... ఆ బరువు.



సునీత ఊపు ఇచ్చింది. అది నేను చూడలేదు. విన్నాను.

టక్.

వేలు విరిచినంత చప్పుడు. శుభ్రంగా, ఒక్కటే. అల్లుడుగారిలో టక్కుమనడానికి కీలు లేదు. ఒకే ముద్దగా పోసిన రబ్బరు. ఆ చప్పుడు చేయగల వస్తువేదీ నేను లోపల పెట్టలేదు.

సునీత ముఖం తెల్లబోయింది. చేతి కింద చప్పుడంటే ఆమెకు తెలిసింది ఒకటే మరి. కాని చేతులు తీయలేదు. అలాగే ఉంచి, వేళ్ళతో తడుముతూ, వింటున్నట్టు నిలబడింది. కాసేపటికి ముఖంలోకి రంగు తిరిగొచ్చింది.

“మంచిగనే ఉన్నది,” అంది. నాతో కాదు.

తెర మీద గీత చూశాను. మెట్టులా ఎక్కి, సూటిగా లేచి, దిగింది. గుంట లేదు. ఇన్నేళ్ళలో ఎందరో పెద్ద పెద్ద డాక్టర్లు మా బొమ్మల మీద చేతులు వేశారు. అంత అందమైన గీత నేను చూడలేదు.

ఇంకొకటుంది. చెప్పాలా వద్దా అని ఇప్పటికీ అనుకుంటాను. నేను నిలబడింది ముఖం రంధ్రం దగ్గర. సరిగ్గా దాని కింద నా పాదాలు ఉన్నాయి. ఆ చప్పుడు అయిన వెంటనే పాదాల మీద గాలిలా ఏదో వెచ్చగా తగిలింది. ఒక్కసారే. తర్వాత లేదు. షెడ్డులో గాలి వానకు చల్లబడి ఉంది. అంతవరకే చెప్పగలను.

భయం వేసిందా అని అడుగుతారు. వేయలేదు. చెప్పులు విడిచి నిలబడాలనిపించింది. విడిచాను కూడా.

తెల్లవారుతూనే అల్లుడుగారి చర్మం విప్పి చూశాను. రబ్బరు చెక్కుచెదరలేదు. సెన్సర్లు బాగున్నాయి. ఏదీ విరగలేదు, ఊడలేదు.

ప్రసాద్‌గారు తలుపు దగ్గరే ఆగిపోయారు. “ఏవయ్యా కిరణూ, ప్రదర్శన పెట్టుకుని బొమ్మని కోశావేంటి?”

“దుమ్ము పట్టిందేమోనని సార్.”

“లోపలా?”

అంతలో ట్రాలీ ఆటో వచ్చి రక్షించింది. అల్లుడుగారిని దుప్పటి కప్పి పడుకోబెట్టి ఉప్పల్ తీసుకెళ్ళాం. సిగ్నల్ దగ్గర ఒక పెద్దమనిషి దుప్పటి చూసి టోపీ తీశాడు. నవ్వు రాలేదు నాకు.

కాలేజీ హాల్లో ప్రిన్సిపాల్ గారు నొక్కారు. విద్యార్థులు నొక్కారు. చేతులు దగ్గరకు వచ్చినా గీత చదునుగా, బుద్ధిగా ఉంది. తర్వాత సునీత వచ్చింది. చేతులు రుద్దుకుంది. “ఊపిరి తీస్కోండ్రి,” అంది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

గీత చూడడమే నా ఉద్యోగం కదా. ఆ క్షణంలో నేను చూసింది ఆమె చేతుల్ని. అవి ఆగలేదు. వెనక్కి తగ్గలేదు. హాలంతా ‘ఓ’ అన్నాక తెర వైపు తిరిగాను. గుంట లేదు. అంతకు ముందు గీత లేచిందా, దిగిందా... చూడలేదు. నొక్కడం మొదలైన దగ్గర నుంచే లాప్‌టాప్‌లో భద్రమయ్యేట్టు ప్రోగ్రాం రాసింది నేనే. ముట్టుకోని వీపు సంగతి ఎవరికి కావాలిలే అనుకున్నాను.

సాయంత్రానికి కాలేజీవాళ్ళు సునీతను వచ్చే నెల నుంచి చేరమన్నారు. అల్లుడుగారి లాంటివి ఇంకా కావాలన్నారు, తరగతికొకటి. ప్రసాద్‌గారు సంతోషం పట్టలేక మమ్మల్ని టీ తాగి రమ్మన్నారు.

ఉప్పల్ మెట్రో స్తంభాల కింద నిలబడి తాగుతూ, రాత్రి జరిగినదానికి నా సిద్ధాంతం మొత్తం సునీతకు చెప్పాను. తేమకు సెన్సర్లు జారడం, ఒంట్లోని కరెంటు, రబ్బరు సర్దుకోవడం. మంచి సిద్ధాంతం. నా అరచేయి, నా పాదాలు మాత్రమే అందులో ఇమడవు.

“నువ్వు దాన్ని అమ్మా అన్నవు, తెలుసా?” అన్నాను.

“నేనా? అనలే.”

“అన్నవు. ఆ పక్కటెముక చిట్లిన పెద్దావిడ ఎట్లున్నది?”

“నారపల్లిల మంచిగున్నది. రోజు పొద్దుగాల వాకింగ్ వోతదట.”

అంటే దయ్యం లెక్క కూడా కుదరదు.

“ఇగ చూడు, మస్తు తయారు చేయాలె,” అన్నాను. “ఏడాది పొడుగునా పోరలంతా వాటి మీదనే నేర్చుకుంటరు. తప్పులన్నీ వాటి మీదనే. మనుషుల మీద కాకుండ. దానికి ప్రాణమా పాడా.”

సునీత టీ ఊదుకుంటూ నా వైపు చూసింది.

“పానం ఉన్నదో లేదో నాకు తెల్వదన్నా. నొప్పి మాత్రం ఉండె.”