మాస్టర్‌ని అడిగిన ప్రశ్నలు

మాది చిత్తూరులో పెళ్ళిళ్ళకు వంటలు చేసిపెట్టే వ్యాపారం. నాయన మొదలుపెట్టారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. నడుపుతున్నానని నేను చెప్పుకుంటాను గానీ, నాయన కాలం నుంచి వంట మొత్తం మా వంటమాస్టర్ చేతిలోనే ఉంది. ఏ పెళ్ళికి ఎంత బియ్యం, ఎంత పప్పు అన్నది ఆయన తలలో ఉంటుంది. కాగితం మీద పెట్టింది ఎప్పుడూ లేదు.

అలాంటి మాస్టర్‌కి కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు పొయ్యి దగ్గరికి పోకూడదన్నారు డాక్టరు. వారంలో కాణిపాకంలో పెళ్ళి, ఐదు వందల మంది. మాస్టర్ లేకుండా నేను చేయబోయే మొదటి పెళ్ళి. అన్నం చాలక పెళ్ళివాళ్ళ ముందు తలవంచుకుంటే, నాయన నిలబెట్టిన పేరు నా చేతిలో పోతుంది. నిజంగానే భయపడ్డాను.

అప్పటికి రెండు నెలలుగా ఫోన్లో ఏఐ వాడుతున్నాను. ఆర్డరు ఇచ్చేవాళ్ళకు జవాబులు, మెనూ కార్డులు దానిచేతే రాయించేదాన్ని. ఒకసారి ముద్దపప్పును ఎంత పొగిడిందంటే, తీసేయమని నేనే బతిమాలుకోవాల్సి వచ్చింది. సరుకుల పట్టీ కూడా దాన్నే అడిగాను. క్షణంలో ఇచ్చింది. గర్వంగా మాస్టర్ ఇంటికి పోయి, ఏఐ ఇచ్చిందంటూ నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న ఆయనకు చదివి వినిపించాను.

ఆయన మొత్తం విని, మెల్లగా నవ్వారు. "బాగానే సదువుకున్నాది పాపా. పెండ్లికి మాత్రం ఎప్పుడూ పోయినట్టు లేదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నాది చిన్నప్పటి నుంచీ ముక్కుమీద కోపమే. ఏఐతో, నీకు తెలియనివన్నీ ఈయన్నే ఒక్కొక్కటిగా అడుగు అని చెప్పి, ఫోన్ ఆయన ముందు పెట్టి వంటింట్లోకి పోయాను. కాఫీ కలుపుకుని వచ్చేసరికి ఇద్దరూ కబుర్లలో పడ్డారు. అది ఎంతో మర్యాదగా, అన్నం అంతా ఒకేసారి వండుతారా అండీ అని అడుగుతోంది.

"యాడప్పా," అన్నారు మాస్టర్. "కాణిపాకంలో తాళి కట్టినాంక అందురూ స్వామి దర్శనానికి పోతారు. లైను వదిల్తే అంతా ఒక్కసారే వచ్చి ఆకుల ముందర కూసుంటారు. అంతా ముందే వండి పెడితే అన్నం ముద్దయిపోతాది. సగం బియ్యం నానబెట్టుకోని, ఎసురు కాగుతా ఉండల్ల. లైను కదిలినాదని మనిషొచ్చి చెప్పినాంకనే బియ్యం పొయ్యల్ల."

కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కాణిపాకంలో పెళ్ళి చేసినప్పుడల్లా మాస్టర్ మా వడ్డించేవాళ్ళలో ఒకరిని గుడి దగ్గరికి పంపేవారు. ఇన్నేళ్ళూ అది భక్తి అనుకున్నాను. వంట సగంలో ఉండగా ఈ దండాలేమిటని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

ఆ మధ్యాహ్నమంతా అది అడుగుతూనే ఉంది, ఆయన చెబుతూనే ఉన్నారు. పల్లె నుంచి వచ్చేవాళ్ళు ఎంతమంది, నగరి వైపు బంధువులకు రసం ఎంత ఎక్కువ కావాలి, పొద్దున టిఫిన్ ఆలస్యమైతే మధ్యాహ్నం ఏది తగ్గించాలి, అన్నీ. ఆయన అంతగా మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. చివరికి నల్లద్దాలు నా వైపు తిప్పారు.

"ఇరవై ఏండ్ల నుంచి సూస్తా ఉండావు పాపా. ఒక్కసారన్నా అడిగినావా?"

కోపంగా అనలేదు. అని ఉంటే నేనూ ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని. నాకు చాలా సిగ్గేసింది.

పెళ్ళిరోజు గుడి దగ్గరికి మనిషిని పంపాను. అతను పరుగున వచ్చి లైను కదిలిందన్నాక బియ్యం పోయించాను. ఆకులు పరిచేసరికి గుండిగలో అన్నం పొగలు కక్కుతోంది. పెళ్ళికూతురి మేనమామ మూడోసారి అన్నం పెట్టించుకుని, మాస్టర్ ఎక్కడ, చేయి కడుక్కుని వచ్చి ఆయన్ని కలుస్తాను అన్నాడు. నాకు పట్టలేనంత సంతోషమైంది.

సాయంత్రం మాస్టర్‌కి క్యారియర్ పట్టుకుపోయాను. జరిగిందంతా చెప్పాను. మళ్ళీ దానితో మాట్లాడాలేమోనని ఆయన నా చేతిలోని ఫోన్ కోసం తడిమారు. దాన్ని సంచిలో పెట్టేసి, ఆయనకెదురుగా నేలమీద కూర్చున్నాను.

"మాస్టర్, సాంబారు దించేముందు మీరు కొంచెం తీసి పక్కన పెడతారు కదా. ఎందుకు?"

ఆయన క్యారియర్ పక్కకు జరిపి, "ఇంకొంచెం దగ్గిరికి జరుగు పాపా, సెప్తా," అన్నారు.