చిన్నాన్న చేసిన వెదురు క్యారియరు

ఈ మాట నాలో పడి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకోవడం ఎప్పుడో మానేశాను. పెళ్లికి ముందు పడింది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, వాళ్లకీ పిల్లలు పుట్టారు. అది మాత్రం కదల్లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల మొహం చూస్తూ ఈ మాట నా నోట రాదు. రావలసిన రోజునే రాలేదు కదా.

మాది ఉద్దానం. పూండికి సముద్రం వైపున్న ఊరు. కొబ్బరితోటలు, పనసచెట్లు, జీడిమామిడి, మధ్యలో ఇసక దారులు. పలాసలో ఒక రైల్వే ఉద్యోగికి బదిలీ అయితే ఆయన పాత సైకిలు మా నాన్న కొన్నాడు. మా చుట్టుపక్కల అదే మొదటిది. జనం వచ్చి గంట మోగించి నవ్వుకుంటూ పోయేవారు. కానీ దాని మీద మనిషి తప్ప మరేమీ వెళ్లేది కాదు. వెనక సామాను కట్టుకునే క్యారియరు లేదు. టెక్కలి షాపులో ఇనప క్యారియరు చూసి, ధర విని, నాన్న ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పైగా అది బరువు. మా ఇసకలో ఒట్టి సైకిలే దిగబడుతుంది.

నేను చేస్తానన్నాడు చిన్నాన్న. నాన్నకి ఒక్కడే తమ్ముడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన చేసింది ఏదీ నిలవదని మా ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది. బావికి గిలక చేస్తే తాడు ఇరుక్కుపోయింది. పెళ్లి కుదిర్చితే వద్దన్నాడు. కొబ్బరికాయలు దింపే రోజున అందరూ తోటలో ఉంటే ఆయన ఎక్కడో కూర్చుని కర్ర చెక్కుతూ దొరికేవాడు. కానీ నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. ఆడపిల్లకెందుకని అమ్మ విసుక్కుంటే, తోటలోకి తీసుకుపోయి ఇసక మీద పుల్లతో రాయించాడు. ఇప్పుడు రాస్తున్నది ఆ అక్షరాలతోనే. ఎంత సిగ్గుగా ఉందో.

మొదట పనస చెక్కతో చేశాడు. ఇనుముకేం తీసిపోనంత బరువైంది. తర్వాత సరుగుడు కర్రలతో చేస్తే మేకులు కొట్టిన చోటల్లా చీలింది. చివరికి ముదురు వెదురు తెచ్చి, నీళ్లలో నానేసి, పొయ్యి సెగ మీద వంచి, అతుకులన్నీ తడి పేముబద్దలతో బిగించి కట్టాడు. ఆరాక ఆ కట్లు ఎముకల్లా గట్టిపడ్డాయి. తెచ్చి నా చేతిలో పెట్టాడు. చేటంత బరువు కూడా లేదు. నేను నవ్వితే ఆయనా నవ్వాడు. చిన్నాన్న అలా నవ్వడం నేను పెద్దగా చూడలేదు.

సైకిలుకి బిగించిన రోజు ఇంటిల్లిపాదికీ ఒకటే చెప్పాడు. “సామానెంతైనా ఎయ్యండి. మనిసి మాత్రం కూకోకూడదు. సామాను కదల్దు, మనిసి కదుల్తాడు.”

ఆ వేసవంతా నాన్న దాని మీద కొబ్బరికాయల బస్తాలు వేసుకుని తిరిగాడు. చెక్కు చెదరలేదు. సంగతి టెక్కలి దాకా పోయింది. పనసకాయలు కట్టుకుని ఒకసారి షాపు దాకా రమ్మని, బరువుకి నిలిస్తే ఇలాంటివి చేయించి అమ్ముతానని ఆ షావుకారు కబురు పంపాడు. ఆ కబురు వచ్చిన పూట నాన్న తమ్ముణ్ణి పిలిచి తన పక్కన పీట వేయించాడు. అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని తినడం నాకదే గుర్తు. చిన్నాన్న తల వంచుకుని తిన్నాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ రోజుల్లోనే బావ వచ్చాడు. మా మేనత్త కొడుకు, నాకు మాట అనుకున్నవాడు. మధ్యాహ్నం ఇంట్లో అందరూ నిద్రపోతుంటే సైకిలు బయటికి తీసి, కూర్చోమన్నాడు. చిన్నాన్న వద్దన్నాడని చెప్పాను. నువ్వు కొబ్బరి బస్తా కన్నా బరువా అన్నాడు. కూర్చున్నాను.

ఏం చెప్పను ఆ మధ్యాహ్నం గురించి? సముద్రం వైపు దారి కొంచెం పల్లం, అక్కడ ఇసక తొక్కుడుకి గట్టిపడి ఉండేది. చెట్ల నీడలు మా మీద నుంచి జారిపోతున్నాయి. ఉప్పుగాలికి కొప్పు ఊడిపోయింది. పట్టుకోవడానికి ఏమీ లేక బావ చొక్కా పట్టుకున్నాను. కాళ్లు నేలకి తగలకుండా అంత వేగంగా నేనెప్పుడూ కదల్లేదు. రైలు ఎక్కాను తర్వాత, బస్సులెక్కాను. ఏదీ అలా లేదు. ఇంత పాపం మూటగట్టుకుని కూడా, ఆ మధ్యాహ్నం జరగకుండా ఉంటే బాగుండునని ఒక్కసారైనా అనుకోలేకపోయాను. ఇదీ ఒప్పుకోవలసినదే.

దారికడ్డంగా ఉన్న చెట్టు వేరు మీద చక్రం ఎగిరింది. నా కింద ఏదో టప్పుమంది. దిగి చూస్తే ఒక వెదురుబద్ద కింది వైపు చీలి ఉంది. బావ తోటలో కొబ్బరిపీచు తాడు వెతికి, చీలిక కనపడకుండా చుట్టి బిగించాడు. సైకిలు ఎక్కడిదక్కడ పెట్టేశాం.

చెప్పడానికి వ్యవధి లేక కాదు. నాన్న టెక్కలి బయల్దేరే రోజు తెల్లవారుజామున, చిన్నాన్న పనసకాయలు కడుతుంటే తాడు రెండో కొస పట్టుకున్నది నేనే. ఎదురెదురుగా ఉన్నాం. ఒక్క మాట చాలు. కట్లు పైపైన చూసుకుని, సంబరంలో ఉన్నాడేమో, కింద తడిమి చూడలేదు. నేను తాడు గట్టిగా లాగి పట్టుకున్నాను. అంతే.

సాయంత్రం నాన్నని ఎవరిదో బండిలో తీసుకొచ్చారు. నందిగాం దాటాక క్యారియరు విరిగి, బరువంతా ఒక పక్కకి ఒరిగి, పడ్డాడు. మణికట్టు విరిగింది. పనసకాయలు పగిలి రోడ్డంతా పరుచుకుంటే టెక్కలి బండివాళ్లు చూశారు. షావుకారుకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నాన్న నొప్పితో పళ్లు బిగించి, వాకిట్లో అందరి ముందూ అన్నాడు. “నీ సేతిలో ఏటి నిలుత్తాదిరా? నిన్ను నమ్మడం నాది తప్పు.”

 చిన్నాన్న బండిలో వచ్చిన విరిగిన ముక్కలు ఏరుకుని దొడ్లోకి పోయాడు. కాసేపటికి నన్ను పిలిచాడు. చేతిలో ఆ వెదురుబద్ద ఉంది, దానికి వేలాడుతూ తాడు.

“అమ్మీ, నాను పేముతోనే కట్టినాను. ఈ పీసుతాడు నాది కాదు. దీన్ని ఎవులైనా ముట్టుకున్నారేటి?”

“నాకేటి తెలుసు సిన్నాన్నా.”

నా వైపు చూశాడు. కోపంగా కాదు. కోపంగా చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో. తర్వాత తాడు వైపు చూసి, మెల్లగా అన్నాడు. “అయితే నానే కట్టి మరిసిపోయుంటాను.”

నిజంగా తన చేతుల్నే అనుమానించాడా? లేక అంతా తెలిసి నన్ను వదిలేశాడా? ఇప్పటికీ తెలియదు. ఏది నిజమైతే నాకు తక్కువ బరువో కూడా తేల్చుకోలేకపోయాను.

ఎందుకు చెప్పలేదు? తాళి పడకుండానే బావ వెనక ఎక్కి తిరిగానని నలుగురికీ తెలుస్తుందని భయం. చాలాకాలం అదే కారణమనుకున్నాను. ఒట్టి భయమేనా? ఆ మధ్యాహ్నం నాది. చెబితే అది వాకిట్లో పడి అందరి నోళ్లలో నలుగుతుంది. దాన్ని దాచుకోవడానికి చిన్నాన్నని ఆ నోళ్లకి ఇచ్చేశాను. అంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు.

ఆయన మళ్లీ వెదురు ముట్టుకోలేదు. వానలు వెళ్లాక బారువ రేవులో రంగూన్ ఓడ ఎక్కాడు. అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడని విన్నాం. నాన్నకి చెయ్యి వంకరగానే అతికింది. నా పెళ్లి బావతోనే అయింది.

రంగూన్ నుంచి మనవాళ్లంతా తిరిగొచ్చేస్తున్న రోజుల్లో చిన్నాన్న కూడా వచ్చాడు. నాన్న అప్పటికి లేడు. మా ఇంట్లోనే ఉంచుకున్నాం. మా ఆయన సైకిలుకి ఇనప క్యారియరు ఉండేది. ఒకరోజు భోజనాల దగ్గర దాన్ని చూస్తూ, “ఇనుమే నమ్మకం అమ్మీ. నానే తెలీక ఎదురుబద్ద పట్టుకున్నాను” అన్నాడు. నా నోరు తెరుచుకుంది. గిన్నె పట్టుకుని నిలబడి, పప్పు ఇంకాస్త వెయ్యనా అని అడిగాను. కొంచెం వెయ్యమన్నాడు. ఆ ఏడు వానాకాలంలో పోయాడు. దినాలయ్యాక మా ఆయన ఆ సంగతి ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాను. ఇప్పుడాయనా లేడు.

మీరు క్షమించాలని కాదు. క్షమించవలసినవాళ్లు మీరు కాదు. మా ఊళ్లో పాతకాలం వాళ్లు ఇప్పటికీ ఏ పనైనా నిలవకపోతే చిన్నాన్న పేరు చెప్పుకుని నవ్వుతారు. వాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని. ఈసారి ఎవరైనా అంటే, కాదని చెప్పగలనా? తెలియదు. ఇక్కడ మాత్రం చెబుతున్నాను. ఆయన పని గట్టిదే. విరగ్గొట్టింది నేను. తెలియదన్నదీ నేనే.