నా నోటికి మాట తెచ్చిన గొంతు

ఆ పొద్దున మెట్టుగూడలో మా ఇంట్లో చాయ్ తాగుతుంటే, అది నోటి మూల నుంచి చొక్కా మీదకు కారింది. నాకు తెలియనే లేదు. నా భార్య సుజాత చూసి, "ఏందండీ, మూతి గట్ల వంకరైంది?" అని అరిచింది. జవాబు చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది.

ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసి స్ట్రోక్ అన్నారు. పట్టు తప్పిన కుడి చేయి త్వరగానే స్వాధీనమైంది, మాట మాత్రం తేటపడలేదు. "డిసార్థ్రియా, నోటి కండరాల పట్టు తప్పి మాట ముద్దగా వస్తుంది. రోజూ ఏదైనా పైకి చదవండి, ఊపిరి మీద పట్టు రావాలి" అంది స్పీచ్ థెరపిస్ట్. న్యూస్ పేపర్‌తో మొదలుపెట్టి విసుగొచ్చి పడేశాను.

సుజాత బీఏ తెలుగు చదివింది. అటక మీది తన పాత కావ్యాలు దించింది. "గవి పాత కాయితాలు కొనే రద్దీవాడు సుత తీసుకోడు" అని నేను ఏళ్ల తరబడి ఎగతాళి చేసిన పుస్తకాలవి. బడిలో చుక్క గుర్తున్న పద్యాలు బట్టీ పట్టడమే తప్ప వాటిలో ఏముందో నాకు తెలియదు. ఆమె ఒక ముక్క చదివేది, నేను వెంట అనేవాణ్ణి.

"లైను అయిపోయిన కాడ కాదండీ, మాట అయిపోయిన కాడ ఊపిరి తీసుకోండ్రి."

అట్లా ఆగితే మొదటిసారి అర్థం తెలిసింది. అలిగిన కొడుక్కి తల్లి అన్నం కలిపిపెట్టే పద్యం ఒకటుంది. పదో తరగతిలో దాని భావం రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు సగంలోనే ఏడ్చేశాను.

"పరీక్ష ఫెయిలై ఏడ్చినోళ్లను చూసిన గని, పద్యానికి ఏడ్చినోళ్లను మిమ్మల్నే చూస్తున్న" అని సుజాత నవ్వింది.

ఆ తర్వాత నేనే ఆమెను వదల్లేదు. వంట మధ్యలో పిలిచి ఇంకోటి చదవమనేవాణ్ణి. వానాకాలంలో ఆమె గొంతు బొంగురుపోయింది. "జెర ఆవాజ్ పెంచు, వినిపిస్తలేదు" అన్నాను. మిరియాల పాలు తాగి చదివింది. దీపావళి దాటాక మింగడం కష్టమైతే అప్పుడు ఈఎన్‌టీకి చూపించాం. స్కోప్, బయాప్సీ. క్యాన్సర్.

"చదవడం వల్ల రాలేదు" అన్నాడు డాక్టర్. "కానీ గొంతు మారి ఇన్ని నెలలైంది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"అలసట అనుకున్న సార్" అని సుజాతే చెప్పింది. నేను విన్న ఆమె చివరి మాటల్లో అదొకటి. లారింజెక్టమీ చేసి స్వరపేటిక తీసేశారు.

ఇప్పుడు నా మాట తేటగా ఉంది. "పద్యాలే మీకు మందు" అని అపార్ట్‌మెంట్‌లో నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాది కాదు. సాయంత్రం నేను చదువుతాను. తప్పు చోట ఆగితే ఆమె మంచం పట్టె మీద వేలితో కొడుతుంది. మళ్లీ చదువుతాను.

గొంతు బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. రోగికి సేవ చేసే మనిషిదైతే మీరే తీసుకెళ్లండి, తనంతట తాను వెళ్లదు. సుజాత గొంతు మారిందని నాకు తెలుసు. చదవడం ఆగిపోతుందని ఊరుకున్నాను.