తెగిన హీటరు కాయిల్

ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో ఒక క్వార్టరు వెనుక, ఔట్‌హౌస్ గదిలో నేనూ నా భార్యా అద్దెకుండేవాళ్లం. ఎనభైల మధ్యకాలం. క్వార్టరు వర్క్‌షాపు ఫిట్టరుది. పెత్తనం ఆయన భార్యది. ఆమెను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. ఆ పిలుపులో అభిమానం ఆనాడూ లేదు, ఈనాడూ లేదు.

మా గదికి కరెంటు వాళ్ల ఫ్యూజు దాటాకే వచ్చేది. మా వాడకం ఒక బల్బు, ఒక టేబుల్ ఫ్యాను; రెండూ కలిపి అర ఆంపియరు లోపు.

ఆమె వంట హీటరు మీద. కాయిల్ తెగితే కొత్తది కొనేది కాదు. కాలిన కొసలను విరిచి పారేసి, మిగిలిన తీగను సాగదీసి, మెలిపెట్టి బిగించేది. ఆ క్వార్టర్ల వరసలో అందరిదీ అదే పద్ధతి. అతికిన కాయిల్ ముందుకన్నా ఎర్రగా కాలుతుంది, అన్నం త్వరగా ఉడుకుతుంది. అది తమ చేతి మహిమ అని మురిసిపోయేవారు.

ఆ వేసవిలో ఫ్యూజు రోజూ పోసాగింది. నింద మా ఫ్యాను మీద పడింది.

“ఏటి బాబూ, రేత్రీ పగలూ ఆ పంకా తిప్పుతానే ఉంటే నా పీజు నిలుత్తాదేటి? మీ తీగ పీకేత్తాను!”

నా భార్యకు ఏడో నెల. రేకుల కప్పు కింద ఆ ఫ్యాను లేకపోతే ఆమెకు ఊపిరాడదు.

“పిన్నిగారూ, తీగ పొట్టిదైతే నిరోధం తగ్గుతుంది. వోల్టేజి అదే కాబట్టి కరెంటు పెరుగుతుంది. మీ హీటరు మొదట నాలుగున్నర ఆంపియర్లు తీసుకునేది. నాలుగో వంతు తీగ పోయాక ఆరు తీసుకుంటోంది. ఫ్యూజు అయిదుది.”

“పొట్టి తీగ ఎక్కువ తాగుతాదా? సదువుకున్నోడివి, అబద్దం కూడా సదివే ఆడతావు!”

“అయితే మా తీగను మీ బోర్డు దగ్గరే విప్పేయండి. అప్పుడూ ఫ్యూజు పోతే తప్పు మీ హీటరుది.”

“ఠీక్ హై. పోకపోతే మీ తీగ మరి తగిలించను.”

ఫిట్టరు మా తీగ విప్పాడు. ఇరుగుపొరుగు గోడ పక్కన చేరారు. ఆమె పప్పు ఎక్కించి, పంతానికి ఇంట్లో దీపాలూ ఫ్యానూ కూడా వేసింది. తీగలు కలిసే కూడలికి వచ్చే కరెంటు ఎంతో, అక్కడినుంచి చీలిపోయే పాయల మొత్తం అంతే. మా పాయ ఇప్పుడు సున్న. ఫ్యూజులో ప్రవహించేదంతా ఆమెదే. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పప్పు పొంగకముందే ఫ్యూజు పోయింది. గోడ పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు.

“పది మందిలో నా పరువు తీసినావు. నెలాకరికి గది కాళీ సెయ్యి.”

“తప్పు మాది కాదని తేలింది కదా?”

“తేలింది. ఇల్లు నీది కాదని కూడా తేలింది.”

మా తీగను మళ్లీ తగిలించలేదు. ఆ ఊళ్లోనే ఝపటాపూర్‌లో మరో గది దొరికేదాకా ఆ చీకట్లో, ఆ ఉక్కలో ఉన్నాం. మొదటి సాయంత్రమే చెమటలో తడిసిన నా భార్య తాటాకు విసనకర్ర నా ఒళ్లోకి విసిరింది.

“గెలిచినారు కదా. విసరండి.”